ఉప్పునీళ్ళలో తేలినవి

జర్దా డబ్బా కడిగి, ఎండబెట్టి
అందులో తెచ్చాను.
చీపురుపల్లి నుంచి గరివిడి ఎంత దూరమని,
అయినా ఆటోలో ఒళ్ళో సంచీ మీద
ఎవడి మోచెయ్యి పడుతుందోనని ఒకటే బెంగ.

పశువుల ఆసుపత్రి అరుగు మీద
నాకంటే ముందు రెండు గేదెలు, ఒక కుంటి దూడ,
మేకపిల్లని చంకనెత్తుకున్న ముసలమ్మ.
"ఏటి తెచ్చినావు బావూ?"
"పాముది."
"పామే!"
"పాము కాదమ్మా, దాని దొడ్డికి."
మేకపిల్లని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది.
"పాముకీ దొడ్డికుంటాదేటర్రా" అని
గేదెల వాళ్ళందరికీ చెప్పింది.

డాక్టరమ్మ పేరు హైమావతి, ఇంటిపేరు గేదెల.
వచ్చేవీ గేదెలేనని తనే నవ్వుతుంది గానీ
పాము అనగానే నవ్వలేదు.
కాగితాలున్నాయా అంది. చూపించాను.
నాతో ఫర్నేసులో చేసిన బిశ్వాలు
పని మానేసి ఊరెళ్ళిపోతూ
గాజుపెట్టెతో సహా అప్పజెప్పిన
పరదేశపు కొండచిలువ పిల్ల.
చుట్టుకుని పడుకుంటే అచ్చం బెల్లపుదిమ్మ.
పేరూ బెల్లమే.
నెలన్నరగా తిన్నది కక్కేస్తోంది.

"పాముల సంగతి నాకంతగా తెలీదు.
రెండ్రోజులు టైమివ్వు, తెలిసినవాళ్ళని అడుగుతాను."
తెలీదు అన్న ఆ ఒక్క మాటకే
నా బరువు సగం దిగింది.

ఉప్పునీళ్ళలో కలిపి కాసేపాగితే
గుడ్లు పైకి తేల్తాయట.
"రా, నువ్వూ చూడు."
ఒక కన్ను మూసి చూశాను.
పలచటి పెంకులు, లోపల చుట్టుకున్న నీడలు.
ముత్యాల్లాగున్నాయి అనబోయి
నోరు మూసుకున్నాను.

"ఏం పెడుతున్నావు దీనికి?"
"రైసుమిల్లులో పట్టిన ఎలకలు."
"బతికున్నవా?"
"ఊఁ."
పెన్ను ఆగింది. అంతే. తిట్టలేదు.
ఊరికే దొరుకుతున్నాయని మురిసిపోయాను నేను.
కరిగిన లోహం రంగు చూసి
ఎంత వేడో చెప్పగలను.
నా చేత్తో పెట్టినదాంట్లో ఏముందో
చెప్పలేకపోయాను.

"ముందేమైనా మందు పట్టావా?"
లేదన్నాను.
తర్వాత జేబులోంచి తీశాను
నోటుబుక్కు కాగితంలో సగం మాత్ర.
బడిలో నులిపురుగుల రోజున ఇచ్చింది.
మా రోహిణి సగం నమిలి
సగం బెల్లానికని కంపాసుపెట్టెలో దాచింది.
డాక్టరమ్మ దాన్నే చూస్తూ ఉండిపోయింది.
"ఇది అమ్మాయి పురుగులకి.
పాము పురుగుల లెక్క వేరు.
దాన్ని మాత్రం మానెయ్యమనకు,
నేనిస్తున్నానని చెప్పు."

శనివారం బెల్లాన్ని దిండుగలీబులో తెచ్చాను.
కూరగాయల త్రాసు మీద పదకొండు వందల ఎనభై గ్రాములు.
చీటీ వెనక మూడుసార్లు గుణించింది.
గేదె గొంతులో సీసాలకి సీసాలు ఒంపే చెయ్యి
సన్నటి గొట్టంతో చుక్కచుక్కా దింపుతోంది.
తల నేనే పట్టుకున్నాను,
వణికింది మటుకు పాము కాదు.

ఎలకలిప్పుడు విశాఖ నుంచి
ఐసుపెట్టెలో చచ్చి వస్తున్నాయి.
మా ఆవిడకీ నాకూ ఫ్రిజ్జు దగ్గర మాటల్లేవు.
రోజూ పేపరు మార్చడం, తొట్టి మరిగించడం.
పదిహేను రోజులకి రెండో మోతాదు.
నిన్న మళ్ళీ ఉప్పునీళ్ళు.
అద్దం కింద ఒక్క గుడ్డు.
"తగ్గింది" అంది డాక్టరమ్మ. "పోలేదు. మళ్ళీ తే."

తెల్లారి షిఫ్టు దిగి వచ్చేసరికి
జర్దా డబ్బా గోడ మీద ఆరుతోంది.
ఎవరైనా మూత తీస్తారేమోనని
రోహిణి పైన స్కెచ్చు పెన్నుతో రాసింది:
బెల్లం. తినకూడదు.